చుక్కలు ఆగిన చోట

పరిశోధనాలయంలో ఆమెను అందరూ గీతలమ్మ అంటారు. అసలు పేరు జీతాల విభాగంవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు, వాళ్ళకైనా నెలకొకసారే గుర్తొస్తుంది. ఆమె గది రెండో అంతస్తులో మెట్ల పక్కన ఉంటుంది. ఒక కిటికీ, ఒక కంప్యూటరు, గోడకు ఆనించిన పొడవాటి బల్ల, దాని మీద అంచులు అరిగిన ప్లాస్టిక్ స్కేలు. ఏ విభాగంవాళ్ళు ఏం కొలిచినా ఆ అంకెలన్నీ చివరికి ఆ గదికే చేరాలి. ఆమె వాటిని కాగితం మీద చుక్కలుగా పెట్టి, చుక్కల మధ్య నుంచి గీత లాగి, ఆ గీత ఏం చెబుతోందో, అంతకన్నా ముఖ్యంగా ఏం చెప్పడం లేదో, వచ్చినవాళ్ళకు వివరించి పంపుతుంది.

గీత గీసేది కంప్యూటరే. అయినా ముద్రించిన కాగితం మీద స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి చూసుకోకపోతే ఆమెకు అన్నం సయించదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ గదికి వచ్చేవాళ్ళకు ఆమె కూడా పేర్లు పెట్టింది. చేపలాయన చేపల బరువులు తెస్తాడు. సిమెంటాయన సిమెంటు దిమ్మెలు రోజురోజుకూ ఎంత గట్టిపడ్డాయో తెస్తాడు. మతిమరుపావిడ మనుషులు చదివినదాన్ని ఎంత తొందరగా మరిచిపోతారో కొలిచి తెస్తుంది. చేపలు చిన్నప్పుడు గబగబా పెరిగి తర్వాత నెమ్మదిస్తాయి. దిమ్మె మొదటి వారంలో గట్టిపడినంతగా మరెప్పుడూ గట్టిపడదు. చదివినదాంట్లో చాలాభాగం మొదటి రోజే ఎగిరిపోయి, మిగిలిన కొంచెం మాత్రం మొండిగా కూర్చుంటుంది. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని ఈ సంగతులన్నీ కాగితం మీదకు వచ్చేసరికి అన్నదమ్ముల్లా ఒకే పోలికలో ఉంటాయి. మొదట ఉరికి తర్వాత చతికిలబడే ఈ వక్రరేఖలను ఆమె బద్ధకం గీతలు అంటుంది. పురుగులాయన జాడీల్లో పెంచే పురుగులు అందుకు తలకిందులు. చాలాకాలం ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఒక్కసారిగా పైకి ఎగబాకుతాయి. అవి దొంగ గీతలు. స్ప్రింగులకు బరువులు వేలాడదీసే ఆయన మాత్రం చక్కటి సరళరేఖ తెస్తాడు, ఆయన వచ్చిన పూట ఆమె టీ తెప్పిస్తుంది. అదైనా స్ప్రింగు సాగిపోనంతవరకే.

ఆమెకు రెండు పట్టుదలలున్నాయి. చుక్కలు ఆగిన చోట గీత ఆగాలన్నది మొదటిది. ఒకసారి చేపలాయన గీతను ఇంకాస్త ముందుకు లాగమని, వచ్చే ఏళ్ళ అంచనా కూడా రిపోర్టులో వేసుకుంటానని బతిమాలాడు.

"మీ లెక్కన లాగితే పదేళ్ళకు చేప చెరువులో పట్టదండీ," అంది ఆమె. "చెరువునే చేపలో పెట్టుకోవాలి."

రెండోది ఒక ప్రశ్న. ఎవరి గీత ఎక్కడ విరిగినా ఆమె తలెత్తకుండా అడిగేది అదొక్కటే.

"మధ్యలో ఏం మార్చారు?"

"ఏం మార్చలేదండీ."

"మార్చకపోతే ఇక్కడెందుకు విరిగింది?"

అప్పుడు చేపలాయన బుర్ర గోక్కుని మేత మార్చిన సంగతి చెబుతాడు. సిమెంటాయన నీళ్ళు తడపడం ఒక వారం మరిచిపోయామంటాడు. ఆమె ఇద్దరికీ చీవాట్లు పెట్టి, విరిగినచోట గీతను రెండు ముక్కలు చేసి గీస్తుంది.

ఇంటిదగ్గర ఆమె చిట్టి. యాభై దాటినా చిట్టే. పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నలు పోయాక అన్నయ్య, వదినలతోనే ఉంటోంది. అన్నయ్యది గడియారాల దుకాణం, వీధి మలుపులో. తలుపంత వెడల్పున్న గది, గాజు బల్ల, మెడ వంచిన దీపం, కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం, అంతే. చేతి గడియారాలు పెట్టుకునేవాళ్ళు తగ్గినా, పెట్టుకునేవాళ్ళు మాత్రం ఆయన దగ్గరికే వచ్చేవారు. రోజుకు రెండు నిమిషాలు వెనకబడే గడియారం రేపూ రెండు నిమిషాలే వెనకబడుతుందన్నది ఆయన సిద్ధాంతం. చెల్లెలికి ఆ మాట ఎంతో ఇష్టం. ఇద్దరూ ఒకే తానులో ముక్కలని వదిన నవ్వేది.

ఆయనకు పక్కచూపు తగ్గడం మొదలైంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కన ఉన్న తలుపు రెక్క కనిపించదు. రెండుసార్లు నుదురు బొప్పి కట్టించుకున్నాక కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ గిన్నెలాంటి యంత్రంలో తలపెట్టి, వెలుగు మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి. ఎంత చూపు మిగిలిందో ఒక అంకె వస్తుంది. నాలుగేసి నెలలకొకసారి ఆ పరీక్ష. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ రిపోర్టు తీసుకురావడం చిట్టి పని.

ఐదు రిపోర్టులు వచ్చేసరికి ఆమె చెయ్యి ఊరుకోలేదు. భోజనాల బల్ల మీద గళ్ళ కాగితం పరిచి ఐదు చుక్కలు పెట్టింది. ఇంత బుద్ధిమంతులైన చుక్కలను ఆఫీసులో కూడా ఎన్నడూ చూడలేదు. స్కేలు ఆనిస్తే ఐదూ అంచుకు అతుక్కున్నాయి, కిందకి, కిందకి. అక్కడ ఆగాల్సిన మనిషి ఆగలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు, ఈమె ఏరు దాటకముందే అగ్గిపుల్ల వెతుక్కుంది. పెన్సిలు పట్టుకుని ముక్కలు ముక్కలుగా సాగే తుంపు గీతతో కాగితం అడుగుదాకా లాగింది. రెండేళ్ళు తిరగకుండా గీత నేలకు తగులుతోంది. బల్ల దగ్గర పనికి సరిపడే చూపు అంతకన్నా చాలా ముందే పోతుంది.

అన్నయ్య ఆ కాగితాన్ని దీపం కింద చాలాసేపు చూశాడు.

"అంతేనంటావా?"

"అంతేలా ఉంది అన్నయ్యా."

వదిన పప్పు గిన్నె చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టింది. "డాక్టరే ఇప్పుడేం చెప్పలేం, చూద్దాం అంటుంటే నీ పెన్సిలుకెలా తెలిసిందమ్మా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది."

"డాక్టర్లు ఎప్పుడూ అదే అంటారు వదినా."

అన్నయ్యకు కొలతలు నమ్మడం అలవాటు. కళ్ళు పూర్తిగా పోయాక దుకాణం ఇస్తే అడిగేవాడుండడు, పనిముట్ల విలువ తెలిసి పుచ్చుకునేవాడు దొరికినప్పుడే ఇవ్వాలనుకున్నాడు. ఎదురు వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఎప్పటినుంచో ఆ మలుపు కావాలంటున్నాడు. నాలుగు నెలల్లో అప్పగిస్తానని మాట ఇచ్చేశాడు.

అప్పగింతకు వారం ముందు ఆరో రిపోర్టు వచ్చింది. గీతలమ్మ దాన్ని బస్సులో నిలబడే చదివింది. అంకె గీత మీద లేదు. గీతకు పైన, దాదాపు ఐదో అంకె దగ్గరే ఉంది. చూపు తగ్గలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె కాగితం తీసి ఆరో చుక్క పెట్టింది. పెట్టి, దాని చుట్టూ చిన్న సున్నా చుట్టింది. ఆఫీసులో సున్నా చుట్టారంటే అది నమ్మదగ్గ చుక్క కాదని, గీత గీసేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలని అర్థం. పరీక్షకు ముందు రాత్రి అన్నయ్య బాగా నిద్రపోయి ఉంటాడు, మీట అదృష్టం కొద్దీ నొక్కి ఉంటాడు, ఒక్క చుక్క వల్ల ఏమవుతుంది అని తనకు తాను చెప్పుకుంది. అసలు సంగతి వేరు. ఆమెకు భయం వేసింది. అన్నయ్యకు ఆశ పెట్టి, నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఆ ఆశ తనే లాక్కోవాల్సి వస్తే ఆయన మొహం చూడలేననుకుంది. కాగితం మడిచి సొరుగులో పెట్టి పడుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వారం తర్వాత దుకాణం చేతులు మారింది. సెల్‌ఫోనతను పాత బోర్డు దింపి కొత్తది పెట్టాడు.

ఇంట్లో కూర్చున్న అన్నయ్య మంచివాడే, కాని గంటకొకసారి గోడ గడియారం దగ్గరికెళ్ళి చెవి పెట్టి వినేవాడు. వంట ఆలస్యమైతే ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెప్పేవాడు. "మీరు దుకాణంలో ఉన్నప్పుడు వీధికొక్కటే గడియారాలాయన, ఇప్పుడు నాకొక్కదానికే," అని వదిన విసుక్కునేది. తర్వాత తర్వాత విసుక్కోవడం కూడా మానేసింది. ఆయన గోడ గడియారం వినడమూ మానేశాడు. కుర్చీలో కూర్చుని బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటూ ఉండేవాడు, చిన్న మర పట్టుకుని తిప్పుతున్నట్టు.

ఏడో రిపోర్టు వచ్చింది. అదే అంకె. ఎనిమిదోది వచ్చింది. ఒక పిసరు అటూ ఇటూ, అదే అంకె.

మూడు చుక్కలను సున్నా చుట్టి పారేసే ధైర్యం ఆమెకు కూడా లేదు. కాగితం ముందు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. కిటికీ దగ్గర వదిన అన్నయ్య తల వెనక్కి వంచి కంట్లో మందు వేస్తోంది.

"ఇప్పుడు మంట లేదు కదూ? ఈ సీసా వచ్చినప్పటినుంచి హాయిగా ఉంది. పాతది వేస్తే గంట కళ్ళు నులుముకునేవారు."

గీతలమ్మ తలెత్తింది. "ఏ సీసా వదినా?"

"కంటి మందే. డాక్టరు మార్చాడు కదా."

"ఎప్పుడు?"

"ఎప్పుడేమిటి? నువ్వు ఆ గీత గీసిన రోజే. ఆ పొద్దున్నే మీ అన్నయ్యను చూసి, పాతది పనిచెయ్యట్లేదని ఇది రాసిచ్చాడు."

"నాకు చెప్పలేదే."

"నువ్వడగలేదే," అంది వదిన, సీసాకు మూత బిగిస్తూ.

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేపలాయననీ, సిమెంటాయననీ, ఆ మెట్లెక్కిన ప్రతి మనిషినీ అడిగిన ప్రశ్న అది. ఇంట్లో ఒక్కసారి అడిగి ఉంటే దుకాణం మీద పాత బోర్డే ఉండేది.

ఆమె గీత చెరిపింది. ఐదు చుక్కల దాకా ఒక ముక్క, కిందకి. అక్కడినుంచి ఇంకో ముక్క, బల్లపరుపుగా. తుంపు గీత లేదు. అన్నయ్య ముందు పెట్టింది. ఆయన తలను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, ఎదుటి చూపుతో ఒక్కో చుక్కనూ వెతుక్కుంటూ చూశాడు.

"అయితే నిలబడిందా?"

"మూడు చుక్కలు నిలబడ్డాయి. ఆ తర్వాత ఏమిటో నాకు తెలీదు." ఆమె ఆరో చుక్క మీద వేలు పెట్టింది. "ఇది దుకాణం ఇవ్వడానికి వారం ముందే వచ్చింది అన్నయ్యా. నీకు చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు ఆగేవాడివి."

అన్నయ్య కాగితం మీదనుంచి కళ్ళు ఎత్తలేదు.

"తగ్గలేదని నాకు అప్పుడే తెలుసు చిట్టీ. పరీక్ష చేసిన నర్సమ్మ చెప్పింది, ఈసారి బానే నొక్కారండీ అని."

"మరి ఎందుకిచ్చేశావు?"

"మర్నాడు నువ్వు రిపోర్టు తెచ్చావు. ఏం మాట్లాడలేదు. మంచి కబురైతే నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. నర్సమ్మ ఏదో నా సంతోషం కోసం అందనుకున్నాను."

గీతలమ్మ ఏడ్చింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. కాసేపటికి అన్నయ్యే లేచి మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు, దారిలో కుర్చీ తగిలి కొన్ని ఒలికాయి.

దుకాణం తిరిగి రాలేదు. సెల్‌ఫోనతనికి వ్యాపారం కుదురుకుంది, వదులుకోవడానికి అతనేం పిచ్చివాడు కాదు. కాని గడియారాలు పట్టుకుని వచ్చేవాళ్ళకు సమాధానం చెప్పలేక అతనూ విసిగిపోయి ఉన్నాడు. అన్నయ్య వెళ్ళి అడిగితే వీధి వైపు మూల ఖాళీ చేసి, ఒక ముక్కాలిపీట వేసి ఇచ్చాడు. ఒకప్పుడు తనదైన గదిలో, తన దీపం కిందే, ఇంకొకరి బోర్డు నీడలో ఆయన ఇప్పుడు గడియారాలు విప్పుతున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు చేస్తారని ఎవరైనా అడిగితే తెలీదంటాడు. ఆ మాట చెప్పడం ఆయనకు చెల్లెలే నేర్పింది.

ఆఫీసులో గీతలమ్మ మారలేదు. చేపలాయనకు చీవాట్లు తప్పలేదు. మారింది ఒక్కటే. రిపోర్టు వచ్చిన రోజు ఆమె బస్సు దిగి ఇంటికి వెళ్ళదు. నేరుగా మలుపులో దుకాణం ముందు ఆగి, ఊపిరి కూడా తీసుకోకుండా అంకె చెప్పేస్తుంది. మొన్నటిది కొంచెం తగ్గింది. అదీ అలాగే చెప్పింది.

అన్నయ్య భూతద్దం తీసి ఆమె వైపు తిరిగి విన్నాడు. సరేనని తల ఊపి, భూతద్దం మళ్ళీ కంటికి తగిలించుకున్నాడు.