ఉప్పు సంగతి తెలియని గున్వోర్

ఉప్సాలా ఊళ్లో గున్వోర్ అంత కెమిస్ట్రీ రాని కెమిస్ట్రీ టీచరు ఇంకొకరు లేరు. ఈ మాట అన్నది పరాయివాళ్లు కాదు, ఆవిడే. ఏ పిల్ల ఏం అడిగినా చేతులు తిప్పేసి, "ఏమో, నాకేం తెలుసు? పక్క గదిలో యోస్టాని అడగండి" అనేది.

పక్క గదిలో యోస్టాకు ఒళ్లు మండిపోయేది. ఆయన పాఠం అంత శుభ్రంగా ఉండేది మరి! ఇటు సోడియం, అటు క్లోరిన్, ఎలక్ట్రాన్ ఇటునుంచి అటు పోయినట్టు మధ్యలో బాణం. ఆ బాణం కూడా స్కేలు పెట్టే గీసేవాడు. పిల్లలు ఆవలించేవారు. గోడకవతల నవ్వులే నవ్వులు. డిసెంబరులో లూసియా పండుగకు పిల్లలు తెచ్చే కుంకుమపువ్వు బన్నులు ఆవిడకు, ప్రశ్నలు ఈయనకు.

"ఏమీ రానిదానికి బన్నులు! అన్నీ వచ్చిన నాకు చాకిరీ!" అని వ్యాయామం మాస్టారు బెర్తిల్ దగ్గర వాపోయాడు.

"నువ్వూ రాదని చెప్పి చూడు."

"వచ్చి కూడా రాదని ఎలా చెప్పనయ్యా?"

మధ్యాహ్నం తలుపేసుకుని రొట్టెముక్క నోట్లో పెట్టుకుంటే చాలు, టకటకా తలుపు చప్పుడు. గుమ్మంలో పిల్లలు; అక్కడ టీచర్లనైనా పేరుపెట్టే పిలుస్తారు.

"యోస్టా, ఉప్పుగడ్డలో కరెంటు పోదు, ఉప్పునీళ్లలో పోతుంది. ఎందుకని?"

"గున్వోర్‌ని అడగలేదూ?"

"అడిగాం. ఉప్పంటే బంగాళాదుంపల మీద చల్లుకునేదని తప్ప ఇంకేం తెలియదంది."

గొణుక్కుంటూనే చెప్పేవాడు. రానురాను పిల్లలు కుర్చీలు లాక్కుని అక్కడే చతికిలబడేవారు. ఆయన రొట్టెలోని జున్ను కూడా మిగలనిచ్చేవారు కాదు.

ఫిబ్రవరిలో యోస్టాకు జ్వరం తగిలింది. ఆయన క్లాసు గున్వోర్‌కు అప్పగించారు. 'ఇక పిల్లల గతి గోవిందా' అనుకుంటూ, జ్వరం దిగీ దిగకముందే బడికొచ్చి, తన గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

లోపల గున్వోర్ బల్లెక్కి నిలబడి ఉంది. "తూవా, నువ్వు సోడియం. నీ టోపీయే ఎలక్ట్రాన్. మెల్కెర్‌కి ఇచ్చెయ్. ఇచ్చినవాళ్లు ధనం, పుచ్చుకున్నవాళ్లు ఋణం. ఋణపడ్డవాడు వదిలిపోగలడా? పట్టుకోండి గట్టిగా! అందరూ వరసల్లో! ఇప్పుడు కదలండి చూద్దాం. కదల్లేరా? కదల్లేనివాళ్లు కరెంటెలా మోస్తారర్రా? ఇదిగో, వెనక బెంచీవాళ్లు నీళ్లు. వచ్చి ఒక్కొక్కరినీ చుట్టుముట్టి విడదీయండి!"

గది గోలగోలైపోయింది. విడిపోయిన పిల్లలు ధనం ఒక వైపుకి, ఋణం ఇంకో వైపుకి పరుగులు తీశారు.

"అదీ కరెంటు!" అంది గున్వోర్.

బాణాలు గీసి గీసి అరిగిన తన చేతికేసి చూసుకున్నాడు యోస్టా. జ్వరం మళ్లీ వచ్చినట్టయింది.

పిల్లలు వెళ్లాక నిలదీశాడు. "నీకన్నీ తెలుసు!"

"ఏదో, కాస్త."

"మరి నా మీదికి తోలడం దేనికి?"

గున్వోర్ బల్ల దిగింది. "మీ ఆవిడ మైకెన్ పోయాక నువ్వీ తలుపేసుకుని ఒక్కడివే తినడం మొదలెట్టావు. కాఫీకి పిలిస్తే రావు, ఇంటికి పిలిస్తే రావు. ప్రశ్నొస్తే మాత్రం తలుపు తియ్యకుండా ఉండలేవు. అందుకని."

యోస్టా ముక్కు చీదుకున్నాడు.

"అదంతా సరే. నాకన్నా బాగా చెప్పావు చూడు, అది మాత్రం క్షమించను."

"క్షమించకు."

ఆయన వెళ్లి పిల్లల బెంచీలో మొదటి వరసలో కూలబడ్డాడు. మోకాళ్లు బల్లకింద ఇరుక్కుపోయాయి.

"మొదట్నుంచీ చెప్పు" అన్నాడు కోపంగా. "కాస్త గట్టిగా. జలుబుకి చెవులు దిబ్బడేశాయి."