తొంభై ఏడు కడ్డీల దూరం

పూర్ణా మార్కెట్లో జమాలున్నీసా ఇన్నేళ్ళూ కొలిచి అమ్మిన గుడ్డనంతా విప్పి పరిస్తే, హార్బరు గేటు దగ్గర మొదలై స్టీల్‌ప్లాంటు చుట్టూ రెండు చుట్లు తిరుగుతుంది. మిగిలిన ముక్కతో లైట్‌హౌసుకి ఒక చొక్కా కూడా కుట్టించవచ్చు. ఈ లెక్క నేను వేసిందే. పదో తరగతి మధ్యలో నేను బడి వదిలేశానని చెప్పుకుంటారు గానీ, నష్టపోయింది బడే. ఆమె పక్కింటివాణ్ణి నేను. నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మా సందులో అందరూ ఆమెను జమాల్‌బీ అంటారు. అరవై ఆరేళ్ళ మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళుగా మార్కెట్లో లైనింగు గుడ్డ, చొక్కా ముక్కలు అమ్మింది. ఆమె ఆస్తి రెండే. ఒకటి ఇనప మీటరు కడ్డీ, రెండోది కొట్లోని ల్యాండ్‌లైన్ నంబరు. ఎలమంచిలి నుంచి సబ్బవరం దాకా దర్జీలందరికీ ఆ నంబరు నోటికొచ్చు. దాన్ని కుట్టుమిషను మీద సుద్దతో రాసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఈ ఏడు ఆ కొట్టున్న పాత మేడను కూలగొడుతున్నారు. జమాల్‌బీ సరుకంతా ఇంటికి చేర్చింది. నంబరును కూడా ఇంటికే తెచ్చుకుంటానంది. నెల ముప్పయ్యోతేదీలోగా ఇంట్లో లైను పడకపోతే ఆ నంబరు రద్దవుతుంది. నంబరు పోతే దర్జీలు పోతారు, దర్జీలు పోతే ఇంట్లో గుట్టగా పడున్న గుడ్డను చిమ్మెటలు తింటాయి.

"ఇంకెందుకమ్మీ ఈ బేరాలు? ఇంట్లో కూకోరాదా?" అన్నాడు కొడుకు గౌస్.

"కూకుంటానికే ఫోనెట్టిత్తన్నాను రా. కూకునే అమ్ముతాను."

ఇరవై ఎనిమిదో తేదీన ఫోను కంపెనీ నుంచి ఉదయ్‌కుమార్ టేపు పట్టుకుని వచ్చాడు. సందు మొదట్లో గోడకున్న కంపెనీ పెట్టె నుంచి జమాల్‌బీ గుమ్మం దాకా కొలుచుకుంటూ నడిచాడు. మా సందు ఎంత వంకరంటే, ఒకసారి నేను కాస్త వేగంగా నడిస్తే ముందు నా వీపే కనిపించింది.

"నూట అరవై ఎనిమిది మీటర్లొచ్చిందమ్మా. వంద దాకా ఫ్రీ. ఆపైన మీటరుకి అరవై సొప్పున నాలుగువేల ఎనభై కట్టాల."

"సందు వంకరైతే నానెందుకు కట్టాల? నాను తిప్పేనేటి?"

"తీగ సందులోంచే రావాల గదమ్మా."

"తీగకి కాళ్ళున్నాయేటి, మలుపులు తిరిగి రాడానికి? మేడల మీంచి లాగు."

"అలాగైతే ఆ ఇళ్ళోళ్ళ సంతకాలు కావాల."

గౌస్ జేబులో చెయ్యి పెట్టాడు. "నాలుగువేలు నానిత్తాను. గొడవొద్దమ్మీ."

"నీ డబ్బుతో ఎట్టిన ఫోను నీ మాటే ఇంటాది. రేపు పీకీమంటే పీకీవాల. నాకొద్దు."

పెట్టెకీ ఆమె ఇంటికీ మధ్య మూడు మేడలున్నాయి. ఇద్దరు అడగ్గానే సంతకం పెట్టారు. మూడోది పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన శ్రీరామ్మూర్తిది. పదకొండేళ్ళ కిందట ఆయన జమాల్‌బీ దగ్గర చొక్కా ముక్క కొన్నాడు. కుట్టాక బొత్తాలు కలవలేదు. కొట్టు ముందు నిలబడి, ఈవిడ కడ్డీ పొట్టిదని పదిమందికీ వినపడేలా అరిచాడు. కడ్డీ సరైందే, పొట్టే పెరిగిందని ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. అప్పటి నుంచి మాటల్లేవు.

ఆయన మేడ మీద నుంచి తొంగి చూసి నవ్వాడు.

"సంతకం ఎడతాను బీబమ్మా. ఒకటే కండిసను. ఆ టేపు కాదు, నీ కడ్డీతోనే కొలు. పొట్టి కడ్డీతో కొలిత్తే లెక్క పెరుగుద్ది గదా? వంద దాటిందంటే డబ్బూ కట్టాల, ఇన్నాళ్ళూ గుడ్డ తగ్గించీసేనని సందు మధ్యన నిలబడి సెప్పాల కూడా."

సందంతా చప్పుడు ఆగిపోయింది. హార్బరులో క్రేన్లు కూడా ఆగాయి. నేను విన్నాను.

"జమాల్‌బీ, ముప్పై ఎనిమిదేళ్ళ కడ్డీ. సివర్లు అరిగుంటాయేమో," అన్నాను మెల్లగా.

"అరిగింది నా సెయ్యి నవీనూ, ఇనుము కాదు. సుద్ద తే."

బురఖా తీసి మడతపెట్టి గౌస్ చేతికిచ్చింది. చీర కొంగు నడుముకు చుట్టింది. మిట్టమధ్యాహ్నం, కాలు పెడితే అట్టులా కాలే మొదటి మేడ మీద, పెట్టె ఉన్న వైపు అంచున మోకాళ్ళ మీద కూర్చుని మొదటి కడ్డీ వేసింది. కడ్డీ ఆగిన చోటల్లా నేను గీత గీశాను. ఉదయ్‌కుమార్ లెక్కపెట్టాడు. శ్రీరామ్మూర్తి అతని కంటే గట్టిగా లెక్కపెట్టాడు. ఎదురు మేడలన్నీ జనంతో నిండాయి. లంగరేసిన ఓడల్లోంచి కెప్టెన్లు దుర్భిణీలు పెట్టి చూశారంటే మీరు నమ్మరు, అందుకే ఆ సంగతి చెప్పను.

మూడో మేడ చివరికి వచ్చేసరికి ఎనభై ఆరు. అక్కడ కింద సన్నటి గొంది. కడ్డీని ఆ గోడ నుంచి ఈ గోడకు ఆనించి, ఎనభై ఏడో కడ్డీ వేసింది. ఇక ఆమె సొంత మేడే మిగిలింది. తొంభై, తొంభై ఒకటి. శ్రీరామ్మూర్తి గొంతు పెరిగింది. తొంభై ఐదు. జమాల్‌బీ మోచేత్తో చెమట తుడుచుకుంది. కడ్డీ మాత్రం గీత మీది నుంచి వెంట్రుకవాసి జరగలేదు.

తొంభై ఏడో కడ్డీ పెట్టాక, తీగ లోపలికి దిగే మేడ మీది గది కిటికీకి మిగిలింది జానెడు.

"ఇప్పుడు నీ టేపు ఎట్టు," అంది ఆమె, లేవకుండానే.

ఉదయ్‌కుమార్ అదే గీతల మీదుగా కిటికీ దాకా టేపు లాగి, వంగి చూశాడు. "తొంభై ఏడు మీటర్ల ఇరవై! కడ్డీకి పేరెట్టక్కర్నేదు మూర్తిగారూ. కట్టాల్సింది సున్నా."

శ్రీరామ్మూర్తి కాగితం అందుకుని సంతకం పెట్టాడు. పెట్టాక కూడా ఊరుకోలేదు. "మరి నా సొక్కా ఎందుకు పొట్టైందంటాను?"

జమాల్‌బీ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది.

"ఉదయ్ బాబూ, టేపు సుట్టీకు. మూర్తిగారి పొట్ట ఓపాలి కొలిసీసి ఎల్లు."

మేడలన్నీ నవ్విన ఆ నవ్వుకు లేచిన కాకులు ఇప్పటికీ దిగలేదు.

ఇరవై తొమ్మిదిన మేడల మీదుగా తీగ వచ్చింది. ముప్పయ్యోతేదీ ఉదయం ఫోను మోగింది. గౌస్ చెయ్యి చాపేలోగా జమాల్‌బీ రిసీవరు ఎత్తేసింది. అవతల ఎలమంచిలి దర్జీ రోజారమణి. ఆమె గొంతు నా ఇంటి దాకా వినిపించింది.

"కొట్టు మూసీసేరట గదా జమాల్‌బీ? అయ్యో!"

"కొట్టు మూసేరు. నన్ను మూయనేదు," అంటూ జమాల్‌బీ రెండో చేత్తో కడ్డీ అందుకుంది. "ఎన్ని మీటర్లు?"