పిట్స్‌బర్గ్ వంతెన మీద బస్సు

డెబ్బైల చివర్లో అమెరికాలో నాకు తుల్సాలో ఒకటి, పిట్స్‌బర్గ్‌లో ఒకటి ఉద్యోగాలు వచ్చాయి. ఏ ఊరో తేల్చుకోవడానికి నేనూ మా ఆవిడా రెండూ చూసివచ్చాం. నాకు తుల్సా నచ్చింది. చదునైన నేల మీద దాని మేడలు ఎంతో దూరం నుంచే కనిపిస్తాయి, ఏదీ దాచుకోని మనిషిలా. పిట్స్‌బర్గ్ అలా కాదు. కారు సొరంగంలోంచి బయటపడగానే నది, వంతెనలు, మేడలు ఒక్కసారిగా ఎదురయ్యాయి.

"ఇక్కడే ఉందామండీ" అంది మా ఆవిడ.

ఆ ఊళ్ళో కొత్తగా గుడి కట్టారు. చుట్టుపక్కల రాష్ట్రాల తెలుగువాళ్ళు పులిహోర కట్టుకుని మరీ వచ్చేవారు. నేను నాస్తికుణ్ణి. వాదనకు సిద్ధమయ్యాను.

"గుడి ఉందనేగా?"

"గుడికి ఎలాగూ మీరే కార్లో దింపాలి. ఆ వంతెన మీద బస్సు చూశారా? నాకు డ్రైవింగ్ రాదు. ఇక్కడైతే మిమ్మల్ని అడక్కుండా రోజూ లైబ్రరీకి వెళ్ళిరావచ్చు. తుల్సాలో మేడలన్నీ చూపించారు గానీ, ఒక్క బస్‌స్టాప్ చూపించారా?"

స్త్రీ స్వేచ్ఛ మీద సభల్లో నేను చేసిన వాదనల్లో ఇంత సూటిగా ఒక్కటీ లేదు. పిట్స్‌బర్గ్ ఉద్యోగంలోనే చేరాను. గుడికి మాత్రం నెలకోసారి నేనే దింపేవాణ్ణి. ఆవిడ లోపలికి వెళ్తే, నేను కార్లో కూర్చుని పులిహోర తింటూ పేపరు చదువుకునేవాణ్ణి.