గేటు తియ్యనియ్యని పెద్ద సిస్టర్

పెద్ద సిస్టర్ పోయిందని ఆదివారం పూజయినంక ఫాదర్ మైకుల చెప్పిండు. కొందరు ఏడ్సిండ్రు. నేను ఏడ్వలే. ఆమె మా వరంగల్ల చర్చి బడికి హెడ్ మిస్ట్రెస్, నేను అదే బడికి గేటు వాచ్‌మన్‌ని. ఆమె మెత్తని మనిషని రాస్తే అబద్ధమైతది. కానీ అసొంటి మనిషిని మళ్ల చూడలే.

ఆమె రాకముందు కార్లల్ల వచ్చే పిల్లలకు ఎప్పుడొచ్చినా గేటు తీసెటోళ్లు. సఫాయోళ్ల పిల్లలు, మగ్గాలోళ్ల పిల్లలు లేటయితే ఇంటికే. డెబ్బైలల్ల ఆమె వచ్చుడు వచ్చుడే నాకు చెప్పింది: "రెండో గంట కొట్టినంక తాళం వెయ్యి. నేనొచ్చినా తియ్యకు." ఒకపారి నిజంగనే ఆమే లేటొచ్చింది. తియ్యలే. ఇంటర్వెల్ దాక ఎండల నిలవడ్డది.

"పేదోళ్లమని నాకు చెప్పకండి, లేటయిందని చెప్పండి" అనేది. పొద్దుగాల వాడల పొంటి తిరిగి, పండుకున్న పోరగాండ్లను చెవు పట్టి లేపుకొచ్చేది. "ఇంక ఏం తినలే సిస్టరమ్మా" అని ఒక తల్లి అంటే, "ఆకలితోనే రానియ్యి, బడిలో గంజి ఉంది" అన్నది. ఆ గంజి కాడ వకీలు కొడుకును, సఫాయామె కొడుకును పక్కపక్కన్నే కూసోవెట్టేది. వకీలు భార్య వచ్చి లొల్లి చేస్తే, "టీసీ ఇప్పుడే రాయమంటారా?" అన్నది.

ఓనాడు పెద్దాఫీసరు జీపు లేటొచ్చింది. "ఏందిరా, ఎవల బిడ్డో ఎరుకేనా?" అన్నడు డ్రైవరు.

"ఎరుకే. రేపు జల్ది తోలుకరా" అన్న. మస్తు గర్వమనిపిచ్చింది.

అటెనుక ఏడో తరగతి పెద్ద పరీక్ష. నా బిడ్డ గా బడిలనే చదివేది. ఆ పొద్దు నా పెండ్లాం జరమొచ్చి దవాఖానల ఉన్నది. నేను డ్యూటీల ఉంటి, బిడ్డనే తల్లికి సద్ది తీస్కపోయింది. ఉరికొచ్చేసరికి తాళం వడ్డది.

"నాయినా, తియ్యి."

తాళంచెవి నా చేతులనే ఉన్నది. పెద్ద సిస్టర్ వరండాల నిలవడి చూస్తాంది.

"సిస్టరమ్మా, జర... దవాఖానకెళ్లి వస్తాంది" అన్న.

"విన్నాను. నీ బిడ్డ కాకుంటే అడుగుతుంటివా?"

నేను తాళం తియ్యలే. బిడ్డ చువ్వలు వట్టుకోని నా దిక్కే చూసింది, సిస్టర్ దిక్కు చూడలే. లోపట పేపర్లు పంచుతాండ్రు.

మాపటీలి సిస్టర్ దవాఖానకొచ్చి నా పెండ్లాం కాడ కూసున్నది. మాఫీ అడగలే. వచ్చేయేడు పరీక్షకు తనే చదివిపిస్త, పంపియ్యమన్నది. నా బిడ్డ పోనన్నది. మళ్ల ఆ బడి మొకం చూడలే, పవర్‌లూమ్ పనికి పోయింది.

చాన ఏండ్లకు, ఆమె ముసలిదైనంక అడిగిన: "ఆ పొద్దు తీస్తే ఏం పోతుండె?"

"మర్నాడు జీపుకు తియ్యాల్సి వస్తుండె" అన్నది. మళ్ల తనే, "నీ బిడ్డ ఇంకా నన్ను తిడుతుందా?" అనడిగింది.

"తిట్టదు. మీ పేరే తియ్యదు." నొయ్యాలనే అన్న.

ఆ బడిల చదివిన సఫాయోళ్ల పిల్లలు టీచర్లయిండ్రు, నర్సులయిండ్రు. అండ్ల అబద్ధం లేదు. సిస్టర్ మట్టికి అందరొచ్చిండ్రు. స్టేషన్ ఘన్‌పూర్ల ఉన్న నా బిడ్డకు ఫోన్ చేస్తే, "నువ్వు పో నాయినా, నాకు పనున్నది" అన్నది.

పెట్టె దించినంక తలా పిడికెడు మన్నేసిండ్రు. నేనూ ఏసిన. నా బిడ్డతోటి చదివిన ఒక టీచరమ్మ పక్కకొచ్చి, "కాకా, దాని పేరు మీద గూడ ఒక పిడికెడు ఎయ్యి" అన్నది. వంగి తీసిన. పిడికిలి వట్టుకోని జర సేపు నిలవడ్డ. ఎయ్యలే. తీసిన కాడనే పోసి, చెయ్యి దులుపుకోని, ఎనుకటోళ్లకు తొవ్వ ఇచ్చిన.