ఇప్పగింజలు ఏరడానికి వెళ్ళిన ఉదయం

మందస దగ్గర మా ఊళ్ళో నేనూ, మా అన్నయ్య భార్య కాంతం వదినా ఇంట్లోనే సబ్బులు చేసి సంతలో అమ్ముతాం. కొబ్బరినూనె మా తోటదే. ఇప్పనూనె కోసం మాత్రం తొలకరి రోజుల్లో కొండవారకు వెళ్ళి, రాలిన పండ్లలోంచి గింజలు తీసి తెచ్చి, గానుగ ఆడించుకునేవాళ్ళం.

రెండేళ్ళ క్రితం ఒక ఉదయం అలాగే వెళ్ళాం. వదిన చెట్టు కింద వంగి ఏరుతోంది. నేను కాస్త వెనక ఉన్నాను. పొదలో ఏదో నల్లగా కదిలితే ఎవరిదో మేక అనుకున్నాను. అంతలో అది రెండు కాళ్ళమీద లేచింది. అది ఎలుగుబంటి. ఆ పండ్లు తినడానికే వచ్చింది.

అలికిడికి వదిన తలెత్తేలోపే అది ఆమె ముఖమ్మీద పడింది. నేను చేతిలోని రేకుడబ్బాను బండకేసి పిచ్చిగా బాదాను. ఆ మోతకు అది కొండవైపు పారిపోయింది.

వదిన రెండు చేతులతో ముఖం కప్పుకుని, "నా కన్నేటైపోనాదే? ఏటీ కనపడతం లేదు" అంది.

"ఉన్నాది వదినా. రగతం అడ్డమొచ్చింది, అంతే" అన్నాను. ఆ కన్ను లేదని నాకు కనిపిస్తూనే ఉంది.

వదిన బతికింది. ఇప్పుడు గింజలు సంతలోనే కొంటున్నాం, వాటిని ఎవరు ఏరి తెస్తున్నారో అడిగే ధైర్యం నాకు లేదు. సబ్బు వాసన చూసి, "అడవి సరుకేనా?" అని ఎవరైనా మురిసిపోతే నేను తలూపుతాను. పక్కన కూర్చున్న వదిన కొంగును ముఖమ్మీదికి లాక్కుంటుంది.