రేకుల జడ

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన మా ఆయనకు పంక్చర్ల షాపు ఉంది. బెంగళూరు వైపు పోయే కార్లవాళ్లు అక్కడ ఆగి గాలి కొట్టించుకుంటారు. పోయేముందు చేతిలో ఉన్న డబ్బా ఖాళీ చేసి తుమ్మచెట్ల కిందికి విసురుతారు. వాటిలో కూల్‌డ్రింకువి కొన్ని, బీరువి చాలా. వాటన్నిటినీ ఆయన నా కోసం గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చేవాడు. సంచి గలగలమంటూ వీధిలోకి వస్తుంటే పక్కింటామె ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏం వదినా, అన్న దినామూ ఇంత తాగుతాండాడా?"

"తాగేది ఊరోళ్లు, పిచ్చి పట్టింది నాకు" అన్నాను.

నాది బ్లౌజులు కుట్టే పని. పెళ్లిళ్లు లేని నెలల్లో కత్తెరకు పని ఉండదు. ఫోనులో ఎవరో డబ్బాను కోసి పువ్వు చేస్తుంటే చూసి, ఇదేముందిలే అని మొదలుపెట్టాను. మొదటి పువ్వు పుచ్చు వంకాయలా వచ్చింది. రెండోది నా వేలు కోసింది. డబ్బాకు పైనా కిందా కోసేసి, నిలువునా చీల్చి పరిస్తే పలచని రేకు చేతికొస్తుంది. దాని మీది బొమ్మలూ, లోపలి పూతా పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. మన భాషలో పువ్వుకుండేదీ రేకే, ఇంటికప్పుకుండేదీ రేకే. ఆ రెండింటికీ వియ్యం కలిపే పని నాకు దొరికింది. డబ్బా కొట్టుకోవడం నాకు చేతకాదు గానీ, డబ్బాను కొట్టడం బాగానే పట్టుబడింది.

అంతలో మా పాపకు పెళ్లి కుదిరింది. దానికి చిన్నప్పటినుంచీ మల్లెల వాసన పడదు. బస్సులో ముందు సీటామె మూరెడు మల్లెలు పెట్టుకుంటే చాలు, వెనక ఇది తల పట్టుకునేది. పెళ్లికి ముందురోజు సాయంత్రం రిసెప్షన్. పూలజడ వేసుకుని గంటలకొద్దీ స్టేజీ మీద కూర్చోవాలి.

"అమ్మా, నాకు నీ డబ్బాలతోనే జడ చెయ్యి. నవ్వేటోళ్లు నవ్వనీ. తలకాయ నొప్పితో ఏడుపు మొగం పెట్టుకుని నేను ఫోటోలు దిగలేను" అంది.

ఇంతకంటే పెద్ద ఆర్డరు నా జన్మలో రాలేదు. గుచ్చుకోకుండా ప్రతి రేకు అంచూ లోపలికి మడిచి, మొగ్గలూ పూలూ ఒక చాటెడు చేసి పెట్టుకున్నాను. ఇక జరీగుడ్డ మీద కుట్టడమే మిగిలింది. అప్పుడు మా అత్త ఒక పువ్వు చేతిలోకి తీసుకుంది.

"తళతళ బాగుండాది. యాడిది ఈ రేకు?"

"మీ కొడుకు తెచ్చే డబ్బాలది."

ఆమె పువ్వును చాటలోకి జారవిడిచింది. "బీరు డబ్బాలా? ఎవురెవురో నోట్లో పెట్టుకున్న ఎంగిలి తెచ్చి పెండ్లికూతురు నెత్తిన పెడతావా?"

"సబ్బుతో కడిగినా అత్తా."

"ఎంగిలి సబ్బుకు పోతాదా?"

పాప మా అత్త పక్కన కూర్చుని "జేజీ, జేజీ" అంటూ గడ్డం పట్టుకుని బతిమాలింది. చివరికి ఆమె మెత్తబడి, "సరే, దాని సంగతి నేను చూసుకుంటాలే" అంది. అంతటితో గండం గడిచిందనుకుని నేను గాజులు కొనడానికి హిందూపురం పోయాను.

తిరిగొచ్చేసరికి పెరట్లో బకెట్టు నిండా ఎర్రనీళ్లు ఉన్నాయి. పెళ్లికూతురికి దిష్టి తీయడానికి పసుపూ సున్నమూ కలుపుతామే, అవే. దిష్టినే పోగొట్టే నీళ్లకు ఎంగిలి ఒక లెక్కా అని మా అత్త చాటెడు పూలూ అందులో పోసింది. బకెట్టు బుసబుసమంటూ బుడగలు కక్కుతోంది.

"చూడు, పాపమంతా ఎట్ల పొంగుతాందో" అంది గర్వంగా.

"పాపం కాదు అత్తా, పొంగేది నా పూలు."

పైకి తీసి చూస్తే పూలన్నీ పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడి ఉన్నాయి. సున్నం ఈ రేకును తింటుందని నాకూ అప్పుడే తెలిసింది. పాప వచ్చి చూసి, విసురుగా లోపలికి పోయింది. మా అత్త మొహం పూలకంటే నల్లబడింది. "మంచికే చేసినా కదమ్మే" అంది.

ఏం చేయాలో తోచక, ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. ఆమె కూడా కొంగు బిగించి కూర్చుంది. నలుపు వదిలింది గానీ పాత తళతళ మాత్రం తిరిగి రాలేదు. దాని బదులు పొగమంచు పట్టినట్టు ఒక మెత్తని తెలుపు తేలింది. బిందె చప్పుళ్లు లేకుండా ఏం తోముతున్నామా అని పాప బయటికొచ్చి, ఒక పువ్వును వెలుగుకు పెట్టి చూసింది.

"జేజీ, నీ వెండి కడియం లెక్కుండాది. ముందు దానికంటే ఇదే బాగుండాది."

ఆ మాటతో మా ఇద్దరికీ ఊపిరొచ్చింది. ఆ సాయంత్రమే జడ కుట్టేశాను.

రిసెప్షన్లో పాప జడ వేసుకుని కూర్చుంది. మావైపు పెళ్లికూతురి ఒంటి మీద ఏది కనిపించినా చేత్తో ఎత్తి బరువు చూడందే ఆడవాళ్లకు తోచదు. వియ్యపురాలు వెనకనుంచి జడ ఎత్తింది.

"బరువే లేదే వదినా. యాడ చేపిచ్చినారు?"

ధర్మవరంలో అని ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. అంతలో మా అత్తే అందుకుంది.

"బీరు డబ్బాలమ్మా. హైవేలో తాగి పారేసినవి. ఎంగిలి పోయేదాకా కడిగినాం లే."

పాప చేతిలోని కర్చీఫు నలిపేస్తోంది. వియ్యపురాలు జడ దించి, తన మొగుడి వైపు తిరిగింది.

"అయితే దీంట్లో సగం మావే. ఈయప్ప బెంగళూరు పోయినప్పుడంతా ఆ తుమ్మచెట్ల కాడనే కారు నిలబెడతాడు."

వియ్యంకుడు పందిరి గుడ్డను చాలాసేపు పరిశీలించాడు. పాపకు నవ్వు ఆగలేదు. ఫోటో తీసేవాడు జడ కోసం వెనక్కి తిరగమన్న ప్రతిసారీ, మామ మొహం గుర్తొచ్చి పకపకా నవ్వుతూ మళ్లీ ముందుకే తిరిగేది. రాత్రి భోజనాల దాకా తలనొప్పి మాటే ఎత్తలేదు.

ఆల్బం వచ్చాక మా అత్తా నేనూ ముందుకూ వెనక్కూ తిరగేశాం. అన్నిట్లోనూ పాప నవ్వుతూ ఉంది. జడ కనిపించేది ఒక్కటీ లేదు.