పాటలో జాగ ఉంచిన చిన్నమ్మ

పోయిన నెలలో ఒక పొద్దున దుమ్ముగూడెం నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ పోయింది బిడ్డా," అన్నాడు. వెంటనే, "జల్ది రా. మట్టి చేసే కాడ పాట నువ్వే ఎత్తుకోవాల్నంట. చెప్పి పోయింది," అన్నాడు. భద్రాచలంలో బస్సెక్కి కూర్చున్నాక గానీ ఆ మాట నాకు సరిగా ఎక్కలేదు. ఏడుపు ఒకపక్క, భయం ఒకపక్క. బడిపిల్లలకు లెక్కలు చెప్పుకునే దాన్ని, ఆమె పాట నేనెత్తుకోవడమేమిటి!

మా చిన్నమ్మది జాంబియా. చిన్నాయన అక్కడి రాగి గనుల్లో కరెంటు పనికి వెళ్ళినప్పుడు, ఆ గనుల ఊరి హోటల్లో ఆమె జాజ్ పాడేది. చిన్నప్పుడు చర్చిలో మొదలుపెట్టిందట. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, ఆ తర్వాత ఒక బ్యాండు. బాకాలూ డ్రమ్ములూ లారీకెత్తుకుని ఊరూరా తిరిగారు. రేడియోలో ఆమె పాట వస్తే వాళ్ళమ్మ పొయ్యి మీద కూర మాడబెట్టిందని చెప్పి పగలబడి నవ్వేది. జాజ్ అంటే ఏంటి చిన్నమ్మా అని నేనడిగితే, "నిన్న పాడిన పాటనే ఇయ్యాల మనసుకు ఎట్ల తోస్తే అట్ల పాడుడు," అంది. నాకు ఇంతకంటే బాగా ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

చిన్నాయన రోజూ వెనక బల్ల మీద కూర్చుని, కాలితో నేల తడుతూ వినేవాడట. ఆ తాళం చూసే ఆమె ఆయన్ను గుర్తుపట్టిందట. "హోటల్ మొత్తంల తాళం తప్పేది గీ ఒక్కడే. పాపమనిపించి చేసుకున్న," అనేది ఆయన ముందే. ఆయన మురిసిపోయేవాడు.

రాగి ధర పడిపోయి హోటల్ మూతపడింది. బ్యాండు వాళ్ళు తలో దిక్కూ పోయారు. చిన్నాయన ఉద్యోగమూ పోయింది. ఆమెను వెంటబెట్టుకుని దుమ్ముగూడెం వచ్చేశాడు.

చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. కోడలు ఏం తింటుందోనని నానమ్మ రెండు రోజులు మథనపడింది. మూడో రోజు ఆ కోడలే వంటింట్లో దూరి మక్కపిండి గట్టిగా వండి పెడితే, నానమ్మ ఒక ముద్ద నోట్లో వేసుకుని, "ఓసినీ! ఇది మన గట్కనే గదనే!" అంది. ఆనాటి నుంచి అత్తాకోడళ్ళు ఒకటి. చిన్నమ్మ తెలుగంతా నానమ్మ దగ్గర నేర్చిందే, తిట్లతో సహా.

కానీ పాట మాత్రం మానేసింది. గిన్నెలు తోముతూ కూడా కూనిరాగం తీసేది కాదు. "ఈడ నా పాట ఎవలకు గావాలె?" అనేది. చిన్నాయనకు అదే దిగులు. పాటగత్తెను తెచ్చి మూగదాన్ని చేశానని అరుగు మీద కూర్చుని బాధపడేవాడు.

చివరికి నానమ్మే పట్టుబట్టి, చర్చిలో కోతల పండుగ నాడు ఆమెను నిలబెట్టింది. బలిపీఠం ముందు జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, మిరపకాయల బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వాటి మధ్య మా చిన్నమ్మ. అందరికీ తెలిసిన కీర్తనే ఎత్తుకుంది. అబ్బ, ఏం గొంతు! ఒక చరణం సగం పాడి, కళ్ళు మూసుకుని, ఆగిపోయింది.

జాజ్‌లో అలా ఆగుతారట. బాకా వాడు జవాబివ్వడానికి. ఆ సంగతి దుమ్ముగూడెంలో ఎవరికి తెలుసు? నానమ్మ లేచి నిలబడింది. "అయ్యో, మర్చిపోయింది పిల్ల! అందుకోండ్రి!" అని కేకేసింది. మా చర్చిలో ఎవరన్నా పాట మధ్యలో తడబడితే చూస్తూ ఊరుకోరు. మొగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒక్కపెట్టున మిగతా చరణం అందుకున్నారు. చిన్నమ్మ కళ్ళు తెరిచింది. ముఖం వెలిగిపోయింది. మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది. మళ్ళీ అందరూ పరుగున ఆదుకున్నారు. పాపం, ఒక్క ముక్కా గుర్తులేదే అని మా పెద్దత్త కళ్ళొత్తుకుంది.

ఆనాటి నుంచి ఆమె పాడని ఆదివారం లేదు. మాకూ నేర్పింది. నేను ఊపిరాడకుండా పాడుతుంటే నెత్తి మీద ఒక్కటిచ్చేది. "పాటంత నువ్వే పాడుకుంటే వచ్చినోళ్ళు ఏం జెయ్యాలె? జాగ ఉంచు. జాగ ఉంటెనే మనుషులొస్తరు." సంతకొచ్చిన కోయ ఆడవాళ్ళు గంపలు దించి చర్చి కిటికీల దగ్గర నిలబడేవారు. వాళ్ళ పాటలోనూ ఒకరు అంటే పదిమంది అందుకుంటారు గదా, ఆమె బయటికొచ్చి వాళ్ళతో చేయీ చేయీ పట్టుకుని అడుగేసేది.

కొన్నేళ్ళకు నానమ్మ ఉండబట్టలేక అసలు సంగతి చెప్పేసింది. "ఆనాడు నువ్వు మర్చిపోయినవనుకొని జాలిపడి పాడినమే!" నేను చిన్నమ్మ ముఖం చూడలేకపోయాను.

"అవ్, తెల్సు అత్తమ్మా," అంది ఆమె, చాటలో బియ్యం చెరుగుతూనే. "రెండో వారమే తెల్సింది. అయితేంది? ఆడ హోటల్ల నేను పాడుతుంటె తాగెటోళ్ళు తాగిన్రు, తినెటోళ్ళు తిన్నరు. ఈడ నేను ఒక్క గడియ ఆగితె ఊరంత పరేషానయ్యింది. ఇంతకన్న ఏం గావాలె నాకు?"

నానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

చివరి రోజుల్లో ఆయాసంతో పాడలేకపోయేది. మంచం పట్టెమీద వేళ్ళతో తాళం వేస్తూ మా చేత పాడించుకునేది. ఆమె లేకపోతే ఆ పాట ఎవరి నోటా రాదని నాకు లోపల ఒకటే గుబులు.

సమాధుల తోటలో ఎర్రమట్టి తడిగా ఉంది. పాస్టరుగారు నా వైపు చూశారు. అదే కీర్తన ఎత్తుకున్నాను. సగం చరణం దగ్గర గొంతు పూడుకుపోయింది. కావాలని ఆగలేదు నేను, ఒట్టు. ఇక నా వల్ల కాదనుకున్నాను.

ఊరివాళ్ళు మాత్రం చిన్నమ్మ లాగే జాగ ఉంచాననుకున్నారు. తోటంతా ఒక్కసారిగా అందుకుంది. కంచె అవతల గంపలతో నిలబడ్డ వాళ్ళు కూడా. ఆ పాట నన్ను లేపి మళ్ళీ నిలబెట్టింది. రెండో చరణం నేనే ఎత్తుకున్నాను.

చిన్నాయన తలవంచుకుని గుంత పక్కన నిలబడ్డాడు. ఆయన చెప్పు మాత్రం తడిమట్టి మీద మెల్లగా కొట్టుకుంటోంది. తాళం తప్పుతూనే.